వాడిన బొంత, ఒకటి

కోపంతో ఇచ్చింది దేవుడి దగ్గర బహుమతిగా చెల్లుతుందా అన్న అనుమానం నాకు పన్నెండేళ్ళుగా ఉంది. ముగ్గురు పాస్టర్లను అడిగాను. ఒకాయన నవ్వాడు, ఒకాయన ప్రార్థన చేశాడు. మూడో ఆయన చిన్నవాడు. ఆలోచించి చెప్తానని వెళ్ళాడు, ఇంకా చెప్పలేదు.

ఆ అనుమానం మొదలైన ఏడు, అక్టోబరులో, మా అమ్మ ఉపోకో ఒక ఆదివారం గుడినుంచి వచ్చి టోపీ తీయకుండానే మంచం మీద కూర్చుని, "ఒసే అకైతీ, నన్ను వైపయే తీసుకుపో" అంది.

వైపయే, సముద్రం అవతల ఐతుతాకి దీవిలో మా ఊరు. మేము న్యూజిలాండ్ వచ్చి టోకోరోవాలో స్థిరపడి ముప్ఫై ఏళ్ళయింది. మా ఆయన తురి కలప మిల్లులో పని. అమ్మకు అప్పటికి ఎనభై నాలుగు. గుండె డాక్టరు వేసవి దాటడం కష్టమన్నాడు. ఇక్కడ వేసవంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి. మాతో అన్నాడు, అమ్మతో కాదు. అయినా ఆమెకు తెలిసింది.

"పండక్కి చూద్దాంలే అమ్మా" అన్నాను.

"చూసేందుకేముంది. మీ నాన్న పక్కన నాకు చోటుంది. ఇక్కడ పోతే ఈ చలి మట్టిలో పెడతారు. టికెట్లకు నీ దగ్గర లేదని తెలుసు. నా తివైవై అమ్మేయ్."

తివైవై మా ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని కుట్టే బొంత. దాన్ని ఇస్తాం. పెళ్ళికి ఇస్తాం, దూరమెళ్ళేవాళ్ళకు ఇస్తాం, పోయినవాళ్ళను దానిలో చుట్టి ఇస్తాం. అమ్మడమన్న మాట మా నోట రాదు. అదీగాక అమ్మ చెప్పేది పెట్టె అడుగున ఉన్న దాని గురించి. గోరంత గోరంత గుడ్డముక్కలు వేలకు వేలు దారాలకు గుచ్చి, వరసతప్పకుండా ఏడుగురు ఆడవాళ్ళు మూడేళ్ళు కుట్టింది. అమ్మ తనను చుట్టడానికని పక్కన పెట్టుకుంది.

"మరి నిన్ను దేంట్లో చుట్టాలి?"

"నీ పాత గౌనులో చుట్టు. మట్టిలోకి వెళ్ళాల్సింది నేనుగానీ గుడ్డ కాదు కదా." తర్వాత నవ్వింది. "అయినా అందులో ఒక ముక్క తప్పు. కొనేవాళ్ళకు చెప్పు. మా అమ్మాయి ఒక ఎర్ర ముక్క బాకీ ఉందని."

ఆ బాకీ మాట నేను అప్పటికి నలభై రెండేళ్ళుగా వింటున్నాను. నాకు పదహారేళ్ళప్పుడు, ఒక దారానికి ముక్కలు గుచ్చే పని నాకిచ్చారు. కిటికీ బయట తురి గిటారు వాయిస్తున్నాడు. అటు చూస్తూ ఎర్ర ముక్క ఉండాల్సిన చోట ఆకుపచ్చది గుచ్చేశాను. కుట్టిన తర్వాత ఎవరో చూశారు. అంచు దగ్గర, నాలుగో వరస. విప్పుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ. ఒక ఎర్ర ముక్క నాకు బాకీ ఉంది, ఎప్పుడో తీరుస్తుంది" అంది. నా పెళ్ళిలో అంది. నా పిల్ల పుట్టినప్పుడు అంది. ఎప్పుడు నాతో గొడవపడినా చివర్లో అదే అనేది.

ఫోటోలు మా అమ్మాయి రుతా ఫోనుతో నేనే తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. రుతా హామిల్టన్‌లో కొరియరు గోడౌనులో పనిచేస్తుంది. సెలవుకు వచ్చి వెళ్ళేటప్పుడు, "అమ్మా, ఎవరైనా కొంటే పంపేముందు నాకు ఫోన్ చెయ్యి" అంది. నేను చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదంటే, కొన్నావిడ మా దీవులావిడే. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పక్కన లోగన్‌లో ఉంటుందట. పేరు తెపైరు. మా భాషలోనే రాసింది. "అక్కా, నా మనవడికి పుట్టుజుట్టు కత్తిరిస్తున్నాం. కుర్చీ మీద పరచడానికి మంచి తివైవై కావాలి. మా అమ్మమ్మ కుట్టినవి తుపానుకు పోయాయి. నీ తివైవై చూస్తే ఏడుపొచ్చింది" అని రాసింది. కింద దేవుడి మాట ఒకటి. అడిగిన మూడు వేల ఎనిమిది వందల డాలర్లూ బేరమాడకుండా, ఆన్‌లైన్ అమ్మకాలు జరిపించే మధ్యవర్తి కంపెనీ ద్వారా కట్టేసింది. అలాంటి మనిషిని అనుమానిస్తే పాపం కదా అనుకున్నాను.

పోస్టాఫీసుకు తివైవైని అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్ళాను. కౌంటరులో మా గుడి పాటలబృందంలో పాడే నానే అనే అమ్మాయి. నా వెనక వరసలో ఎవరున్నారో తెలుసా? పాస్టరమ్మ గారు, చేతిలో కరెంటు బిల్లుతో.

"ఏముంది పిన్నీ ఇందులో?" అంది నానే, దేశం దాటే పెట్టెకు నింపాల్సిన ఫారం ఇస్తూ.

"బొంత."

"ఎవరికి?"

వెనకనుంచి పాస్టరమ్మ గారు మెడ చాచారు. "తివైవైయా? ఎవరిదమ్మా పెళ్ళి?"

నా పెన్ను ఫారం మీద ఆగింది. రెండు గళ్ళున్నాయి. అమ్మిన వస్తువు, బహుమతి. కింద విలువ. నిజం రాస్తే, ఆ మధ్యాహ్నానికి టోకోరోవాలోని మావాళ్ళ ఇళ్ళన్నిటికీ తెలుస్తుంది, అకైతి కన్నతల్లి చావుబట్టను అమ్ముకుందని. ఆ సిగ్గుతో 'బహుమతి' గడిలో గీత పెట్టాను. వస్తువు దగ్గర 'వాడిన బొంత, ఒకటి' అని రాశాను. విలువ దగ్గర నా చెయ్యి తనంతట తనే ఇరవై డాలర్లని రాసేసింది.

"ఇన్సూరెన్సు చెయ్యమంటావా పిన్నీ? అందుకున్నవాళ్ళతో సంతకం పెట్టించమంటావా?"

"బహుమతికి ఇన్సూరెన్సేంటే" అన్నాను నవ్వుతూ. పాస్టరమ్మ గారు కూడా నవ్వారు. నానే పెట్టెను తూకం మీద పెట్టింది. నాలుగు కిలోల ఆరు వందలు. ఫారం పసుపు నకలు, రసీదు నా చేతిలో పెట్టింది.

సిగ్గు పడకూడని చోట సిగ్గుపడ్డాను. ఆ పొరపాటు మావాళ్ళే చెయ్యగలరు.

డబ్బు ఆ కంపెనీలోని నా ఖాతాలో తొమ్మిది రోజులుంది. పదోరోజు టికెట్లు కొనడానికి కూర్చుంటే లేదు. దాని బదులు కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కొన్నావిడ ఫిర్యాదు చేసింది. పెట్టెలో తివైవై లేదట, పాత కర్టెను ఉందట. ఫోటో కూడా పంపింది. మా పెట్టె, మా చేతిరాత చీటీ, లోపల ముడతలుపడ్డ గోధుమరంగు కర్టెను. కంపెనీ డబ్బు ఆమెకు తిరిగి ఇచ్చేసింది. పది రోజుల్లో నా వైపు రుజువులు పంపమంది.

రుతా ఆ సాయంత్రమే కారేసుకుని వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"పెట్టెలో సర్దేటప్పుడు వీడియో తీశావా?"

"లేదు."

"ఆపకుండా ఒకే వీడియో తియ్యాలమ్మా. వస్తువు, దాని గుర్తులు, పెట్టెలో పెట్టడం, టేపు వెయ్యడం, తూకం, పైన చీటీ. పోనీ ఫోటో?"

"అమ్మకానికి పెట్టినవి ఉన్నాయిగా."

"అవి నీ దగ్గర ఉందనడానికి రుజువు. నువ్వు పంపావనడానికి కాదు. సంతకం పెట్టించావా? ఎంతకు ఇన్సూరెన్సు చేశావు?"

నేను పసుపు నకలు ఆమె ముందు పెట్టాను. అది చదివి రుతా కుర్చీలో కూలబడింది.

"ఇరవై డాలర్లా! మూడు వేల ఎనిమిది వందలకు అమ్మి, ఇరవై డాలర్ల బహుమతి అని నీ చేత్తో నువ్వే రాశావా?"

"వెనక పాస్టరమ్మ గారున్నారే."

"అయితే పాస్టరమ్మనే అడుగు డబ్బులు."

"గట్టిగా అరవకు. అమ్మమ్మ వింటుంది."

కంపెనీకి రసీదు పంపాం. ఆ కర్టెను కిలో కూడా తూగదు, మా పెట్టె నాలుగున్నర పైనే తూగిందని రుతా రాసింది. వాళ్ళ జవాబు మర్యాదగా వచ్చింది. తూకం వల్ల లోపల ఏముందో తెలియదట. పైగా పంపినవారే వాడిన బొంత, బహుమతి, విలువ ఇరవై అని ప్రకటించారట. పోలీసు కుర్రాడు కూడా ఆ కాగితమే చూసి, "అమ్మమ్మగారూ, బహుమతి విషయంలో మేమేం చేస్తాం" అన్నాడు.

తెపైరుకు రాశాను. మొదట బతిమాలాను. "అది మా అమ్మది. ఆమె పోయే మనిషి" అని రాశాను. చదివింది. చదివినట్టు గుర్తు పడింది. జవాబివ్వలేదు. రెండోరోజు నన్ను బ్లాక్ చేసింది.

నవంబరు, డిసెంబరు నెలల్లో నేనెలా ఉన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఉదయం లేవగానే మోకాళ్ళ మీద పడేదాన్ని. కుటుంబం కోసం, పాస్టరు గారి కోసం, తుపాను దారి తప్పాలని ప్రార్థించేదాన్ని. చివర్లో కళ్ళు గట్టిగా మూసుకుని తెపైరు చేతివేళ్ళు ఒక్కొక్కటీ ఎండిపోవాలని అడిగేదాన్ని. వరసతప్పకుండా అడిగేదాన్ని, చిటికెన వేలినుంచి మొదలుపెట్టి. బంగాళాదుంపలు తరిగేటప్పుడు ఆమె మొహం ఊహించుకునేదాన్ని. ఆమె మొహం ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి రోజుకొకటి తగిలించేదాన్ని.

తురి ఒకసారి విన్నాడు. "శిక్షించేది ఆయన, నువ్వు కాదు" అన్నాడు.

"నేను శిక్షించడం లేదు. ఆయనకు గుర్తుచేస్తున్నాను."

"ఆయనకు మరుపు లేదు."

"మరి తొందర కూడా లేదేం?"

అమ్మకు చెప్పలేదు. ఆమె రోజూ అడిగేది. "టికెట్లు వచ్చాయా?" "పండగ రద్దీ అమ్మా, దొరకట్లేదు." ఆమె తలూపి గోడమీద క్యాలెండరు వైపు చూసేది. క్రిస్మస్ ముందు చీలమండలు వాచాయి. మెట్టు దిగడం మానేసింది. తన చిన్న పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకుంది. దుప్పటి మార్చినప్పుడల్లా ఆ పెట్టె నా కాలికి తగిలేది. తగిలినప్పుడల్లా తెపైరుకు ఇంకో వేలు ఎండేది.

జనవరి మొదటి వారంలో మా పెద్దనాన్న కూతురు తువైనే పరుగెత్తుకుంటూ వచ్చింది. తువైనే లావు మనిషి, పరుగెత్తదు. గుమ్మం దగ్గర స్తంభం పట్టుకుని రొప్పుతూ ఫోను చాచింది.

"చూడవే. నీ ఆకుపచ్చ!"

ఆక్లాండ్‌లో ఉన్న తువైనే చెల్లెలికి ఒక వేడుక పిలుపు వచ్చింది. ఆరేళ్ళ పిల్లాడికి పుట్టుజుట్టు కత్తిరింపు. మాలో మగపిల్లాడి జుట్టు అయిదారేళ్ళు పెంచి అప్పుడు కత్తిరిస్తారు. లోగన్‌లో అనుకున్నారు కానీ, పిల్లాడి తండ్రివైపు తాత ఇయోతియా విమానం ఎక్కలేని స్థితిలో ఉన్నాడు కాబట్టి ఆక్లాండ్‌లో మాంగెరె హాలుకు మార్చారు. పిలుపుతోపాటు ఫోటో. నడుందాకా జుట్టున్న పిల్లాడు, కింద తివైవై. "మా అమ్మమ్మ చేతులతో కుట్టినది" అని రాసి, కింద తెపైరు పేరు.

తువైనే రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది. అంచు దగ్గర, నాలుగో వరస. ఎర్రముక్కల మధ్య ఒక్క ఆకుపచ్చ ముక్క. నలభై రెండేళ్ళు నన్ను వెక్కిరించిన ముక్క నాకు సాక్ష్యం చెప్పింది.

"పోలీసులకు చూపిద్దామా?" అంది తువైనే.

"వద్దు."

"మరి?"

"వేడుకకు వెళ్దాం" అన్నాను. "పిలవకుండా వచ్చినవాళ్ళను మనవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి పంపారా?"

నా గొంతు నాకే వింతగా వినిపించింది. చాలా శాంతంగా ఉంది. తురి నన్ను చూసి ఏదో అనబోయి, వ్యాను తాళాలు తీసుకున్నాడు.

ఆ శనివారం హాల్లో మూడు వందల మంది ఉన్నారు. బల్లలనిండా టారో అనే పెద్ద చామదుంపలు, కొబ్బరిపాలలో నానబెట్టిన పచ్చిచేప, బీట్‌రూట్ కలిపిన గులాబిరంగు ఆలూ సలాడు. డోళ్ళ మోత. వేదిక మీద కుర్చీ, కుర్చీ మీదనుంచి నేలదాకా జారుతూ మా అమ్మ తివైవై. దాని మీద కొత్త చొక్కాలో పిల్లాడు. జుట్టు నలభై జడలుగా అల్లి ఒక్కొక్కదానికి రిబ్బను కట్టారు. పేరు పిలిచినప్పుడు వెళ్ళి, ఒక జడ కత్తిరించి, తెచ్చింది ముందున్న పళ్ళెంలో పెట్టాలి. ఏం ఇస్తున్నామో ముందే చీటీ మీద రాసిస్తే, కోరా అనే వ్యాఖ్యాత అందరికీ వినపడేలా చదువుతాడు. పెద్దగొంతు, పెద్దపొట్ట. ప్రతి చీటీకి ఒక జోకు వేస్తాడు.

తెపైరును నాకు తువైనే చూపించింది. ముందు వరసలో పూల కిరీటం పెట్టుకుని కూర్చుంది. నేను ఊహించిన ఏ మొహమూ కాదు. వాచిన పాదాలు, నావి లాంటి చెప్పులే. చుట్టుపక్కలవాళ్ళకు తివైవై అంచు పట్టుకుని చూపిస్తోంది. చేతివేళ్ళు పదీ బాగానే ఉన్నాయి.

చీటీ రాశాను. 'అకైతి, టోకోరోవా. ఇచ్చేది ఈ కాగితంలో ఉంది.' పసుపు నకలు దానికి పిన్ను గుచ్చాను.

నా పేరు పిలిచారు. నడుచుకుంటూ వెళ్ళాను. పిల్లాడి తల్లి నా చేతిలో కత్తెర పెట్టింది. పిల్లాడు నన్ను చూసి నవ్వాడు. ముందు రెండు పళ్ళు లేవు. "నొప్పి పెట్టకు" అన్నాడు.

కోరా మైకులో మొదలుపెట్టాడు. "టోకోరోవానుంచి అకైతి అక్క! ఏం తెచ్చిందో చూద్దాం... ఓహో, పోస్టాఫీసు కాగితం! 'వాడిన బొంత, ఒకటి. బహుమతి. విలువ ఇరవై డాలర్లు!'" హాలు గొల్లుమంది. "అక్కా, టోకోరోవాలో చలి ఎక్కువని విన్నాగానీ, ఇంత పిసినారి చలి అనుకోలేదు! బరువు నాలుగు కిలోల ఆరు వందలు. బొంత బరువుగానే ఉంది. ఎక్కడుందక్కా?"

"పిల్లాడు దాని మీదే కూర్చున్నాడు" అన్నాను.

మైకు నా నోటికి దగ్గరగానే ఉంది. కోరా నవ్వు సగంలో ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, మళ్ళీ కాగితం చూశాడు. చదవడం అతని పని. చదివాడు. "అందుకొనువారు... తెపైరు. లోగన్."

డోళ్ళవాళ్ళు కూడా ఆపేశారు.

తెపైరు లేచింది. "అది నేను కొన్నాను! డబ్బిచ్చి కొన్నాను!"

"నిన్నటిదాకా మీ అమ్మమ్మ కుట్టిందన్నావుగా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. పిల్లాడి తండ్రివైపు ఆడవాళ్ళలో ఒకరు.

"ఇచ్చిన డబ్బు వెనక్కి లాక్కుని, లోపల కర్టెను ఉందని కంపెనీకి రాసి కొన్నదమ్మా" అంది తువైనే. ఆమెకు మైకు అక్కర్లేదు. "అలా అయితే నేనూ రేపే ఒక ఇల్లు కొంటాను."

కొందరు నవ్వారు. నేను అక్కడితో దిగిపోవచ్చు. చేయాల్సింది అయిపోయింది. తెపైరు మొహం బూడిదరంగులోకి మారింది. పూలకిరీటం ఒక పక్కకు జారింది. నాకు అది చాలలేదు. ఇన్నాళ్ళూ మంచం కిందినుంచి కాలికి తగిలిన పెట్టె గుర్తొచ్చింది.

"ఇది మా అమ్మను పాతేటప్పుడు చుట్టడానికని పక్కన పెట్టింది" అన్నాను, మెల్లగా, మైకులో. "ఆమె ఇంకా బతికుంది. బహుమతని రాశాను. రాసింది నిజం చేసి పోదామని వచ్చాను. మీ పిల్లాడికి ఇస్తున్నాను."

పిల్లాడి తల్లి ఒక్క గెంతులో వచ్చి వాణ్ణి కుర్చీలోంచి లాక్కుంది. పాము కనిపించినట్టు లాక్కుంది. వాడి తలకు ఒకవైపు జుట్టు పొట్టిగా, ఇంకోవైపు జడలు వేలాడుతూ. "నేనేం చేశానమ్మా?" అని వాడు ఏడుపు లంకించుకున్నాడు. తెపైరు వాడివైపు చెయ్యి చాచింది. కూతురు ఆ చేతిని తోసేసింది. మూడు వందల మంది చూశారు.

నేను కత్తెర కుర్చీ చెయ్యి మీద పెట్టేశాను. నా వంతు జడ కత్తిరించలేదు.

చక్రాల కుర్చీలో ఉన్న ఇయోతియా తాత చెయ్యెత్తాడు. హాలు మళ్ళీ సద్దుమణిగింది. గొంతు సరిగా రావడం లేదు. "ఎవరి కూతురివి?"

"వైపయే ఉపోకో కూతుర్నండి."

"ఉపోకోనా..." కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఆమె ఏదీ?"

"టోకోరోవాలో. ఊరికి వెళ్ళాలని పెట్టె సర్దుకుని కూర్చుంది. దీన్ని అమ్మింది టికెట్ల కోసం."

ఆయన కొడుకుల వైపు చూశాడు, అంతే. ఇద్దరూ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తివైవైని మడతపెట్టారు. అంచుకు అంచు కలిపి, దుమ్ము దులిపి, తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"బహుమతన్నావు" అన్నాడు తాత. "ఇలాంటిది మేం తీసుకోలేం. తిప్పి పంపితే ఊరికే పంపడం మా ఇంటావంటా లేదు. వెళ్ళు తల్లీ. నా మనవణ్ణి దీవించి వెళ్ళు."

పిల్లాణ్ణి తల్లి అప్పటికే బయటికి తీసుకెళ్ళింది. దీవించలేదు.

వ్యానులో దారంతా తువైనే ఆ సంగతే చెప్పుకుని నవ్వింది. కోరా గొంతును అనుకరించింది. నేనూ నవ్వాను. నా ఒళ్ళంతా చల్లగా, హాయిగా ఉంది. ఎండలో నడిచి నడిచి సముద్రంలో దిగినట్టు. అబద్ధం చెప్పను, నా జీవితంలో గుడిలో కూడా అంత హాయి నాకు తెలియదు. హామిల్టన్ దాటాక తురి రోడ్డు వైపే చూస్తూ, "పిల్లాడి పేరేంటి?" అని అడిగాడు. నాకు తెలియదు. తువైనే నవ్వు ఆపింది.

ఎనిమిదో రోజున కొరియరు మనిషి ఒక కవరు తెచ్చాడు. సంతకం పెట్టనిదే ఇవ్వనన్నాడు. ఇయోతియా తాత కొడుకులు రెండు టికెట్లు పంపారు. కవరు మీద విలువ నిజమే రాశారు. ఇన్సూరెన్సు చేశారు. రుతా ఆ కవరు తిప్పి తిప్పి చూసి, "చూశావా, పంపడమంటే ఇలా" అంది. తెపైరు దగ్గరనుంచి ఏమీ రాలేదు. లోగన్‌లో ఆమె గుడికి వెళ్ళడం మానేసిందని, కూతురు మాట్లాడడం లేదని తర్వాత విన్నాను. మొదటిసారి విన్నప్పుడు ఒక ముద్ద ఎక్కువ తిన్నాను. అదీ రాయాలి.

ఫిబ్రవరి మూడో వారంలో అమ్మను వైపయే చేర్చాను. విమానం దిగగానే చెప్పులు విప్పేసింది. మా నాన్న సమాధి ఇంటి ముందే. దాని పక్కన చాప పరిపించుకుని పగలంతా అక్కడే. వాచిన కాళ్ళు మట్టికి ఆనించి కూర్చునేది. అక్కడే, ఒక పొద్దున, అన్నీ చెప్పాను. అమ్మకం నుంచి హాలు దాకా.

అమ్మ పూర్తిగా విని, "పిల్లాడి జడ కత్తిరించావా?" అంది.

"లేదు."

"కత్తెర చేతిలో పెట్టారు కదా?"

"పెట్టారు."

కోడి ఒకటి తివైవై వైపు వస్తే అదిలించింది.

"దొంగదాన్ని ఇంకా నాలుగు అనాల్సింది" అంది చివరికి. "జడ మాత్రం కత్తిరించి రావాల్సింది."

అమ్మ లోపలికి చెయ్యి చూపించింది. "ఆ రేకుపెట్టె తీసుకురా. అద్దం వెనకది."

తెచ్చాను. మూత తుప్పుపట్టింది. లోపల దారపు కండెలు, విరిగిన దువ్వెన, కాగితంలో చుట్టిన ఒక ఎర్రగుడ్డ. నలభై రెండేళ్ళ కింద ఏ తానులోంచి ముక్కలు కోశారో ఆ తానుదే.

"ఇన్నాళ్ళూ ఉంచావా?"

"మరి నువ్వు తీరుస్తానంటే గుడ్డ లేదనకూడదు కదా" అంది అమ్మ.

గోరంత ముక్క కోశాను. చాప మీద కూర్చుని, నాలుగో వరసలో ఆకుపచ్చ ముక్క చుట్టూ కుట్లు ఒక్కొక్కటే విప్పాను. నా కళ్ళూ మునుపటివి కావు, సూదిలో దారం రెండుసార్లు తప్పింది. అమ్మ అందుకుని ఎక్కించి ఇచ్చింది. ఎర్ర ముక్క అంచులు మడిచి, పక్క ముక్కలకు కుట్టి, దారం కొరికాను.

అమ్మ తివైవైని మోకాళ్ళ మీదికి లాక్కుంది. ఏప్రిల్ ఎనిమిదిన దాంట్లోనే ఆమెను చుట్టాం. ఎర్ర ముక్క కుట్టిన ఆ పొద్దున మాత్రం అమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, వేలితో వరస వెంబడి వెళ్ళి, నా ముక్క దగ్గర ఆగింది. మిగతా ఎరుపంతా, అమ్మ ఏటా బయటికి తీసి ఉతికి ఎండబెట్టగా, వెలిసి గులాబిరంగు అయింది. చీకటి పెట్టెలో దాగిన ఆ ఒక్క ముక్క మాత్రం నెత్తురులా మెరుస్తోంది. ఆకుపచ్చది ఉన్నప్పటికంటే దూరంనుంచి కనిపిస్తోంది.

"బాకీ తీరింది" అంది అమ్మ. ఆ ముక్కను బొటనవేలితో ఒకసారి అదిమింది. "తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం అందరికీ తెలుస్తుందే."

విప్పిన ఆకుపచ్చ ముక్క నా ఒళ్ళో ఉంది. అమ్మ దాన్ని ఇవ్వమని అడగలేదు, పారెయ్యమనీ అనలేదు. ఇంకా నా దగ్గరే ఉంది. ఆ పిల్లాడికి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. వాడి పేరు కనుక్కున్నాను. ఇయోతియా. తాత పేరే పెట్టారు.